టెడ్డీ షీయన్

ఎడ్వర్డ్ షీయన్ (1923 డిసెంబరు 28 - 1942 డిసెంబరు 1) రెండవ ప్రపంచ యుద్ధంలో మరణించిన ఆస్ట్రేలియా నౌకాదళ సైనికుడు. ఇంటివారికీ, తోటివారికీ టెడ్డీగా పరిచితుడు. తిమోర్ ద్వీపానికి దక్షిణాన జపాను విమానాల దాడిలో ఆర్మిడేల్ అనే యుద్ధనౌక మునిగిపోతుండగా, నౌకను విడిచిపొమ్మన్న ఆజ్ఞ వెలువడిన తరువాత ఇతడు వెనుదిరిగి ఫిరంగి వద్దకు పోయాడు. నీటిలో ఉన్న సహచరులపై గుండ్లు కురిపిస్తున్న విమానాలను ఎదిరిస్తూ నౌకతోపాటే జలసమాధి అయ్యాడు. పందొమ్మిదేళ్ళు నిండడానికి అప్పటికింకా 27 రోజులుంది. ఇతని అన్నలు ఐదుగురు ఇతనికంటె ముందే సాయుధ దళాలలో చేరినవారు. టెడ్డీ సాహసానికి అత్యున్నత శౌర్య పురస్కారమైన విక్టోరియా క్రాస్ ప్రదానం కావడానికి మాత్రం 78 సంవత్సరాలు పట్టింది. ఆస్ట్రేలియా నౌకాదళానికి చెందిన వ్యక్తికి ఈ పతకం లభించడం అదే మొదటిసారి.

కుటుంబం

షీయన్ ఆస్ట్రేలియాకు దక్షిణాన ఉన్న టాస్మేనియా ద్వీపంలో, లోయర్ బారింగ్టన్ అనే పల్లెలో జన్మించాడు. తండ్రి జేమ్స్ షీయన్ కూలిపనులతో కుటుంబాన్ని పోషించినవాడు. తల్లి మేరీ జేన్. ఈ దంపతులకు టెడ్డీ పద్నాలుగవ సంతానం. ఇతడు పుట్టిన కొంతకాలానికి కుటుంబం లాట్రోబ్ అనే చిన్న పట్టణానికి తరలివచ్చింది. అక్కడి కాథలిక్ పాఠశాలలో కొద్దిపాటి చదువు ముగించుకొని, చుట్టుపక్కల పొలాలలో దొరికినప్పుడు దొరికిన పని చేసుకుంటూ పెరిగాడు. యుద్ధమే రాకపోతే అతని జీవితం ఆ పొలాల మధ్యనే గడిచిపోయి ఉండేదేమో.

యుద్ధం మొదలైన తరువాత షీయన్ సోదరులలో ఐదుగురు సాయుధ దళాలలో చేరారు. నలుగురు పదాతి సైన్యానికీ, ఒకరు నౌకాదళానికీ వెళ్ళారు. పదిహేడేళ్ళు నిండగానే టెడ్డీ కూడా వారి బాటనే పట్టాడు. 1941 ఏప్రిల్ 21న టాస్మేనియా రాజధాని హోబార్ట్‌లో నౌకాదళ రిజర్వులో ఆర్డినరీ సీమన్‌గా, అనగా అట్టడుగు స్థాయి నావికుడిగా చేరాడు. దానితో ఒకే ఇంటినుండి యుద్ధానికి వెళ్ళినవారి సంఖ్య ఆరుకు చేరింది. ఒక కూలి కుటుంబం నుండి ఇంతమంది వెళ్ళడం నేటి పాఠకులకు వింతగా తోచవచ్చును. ఆనాటి ఆస్ట్రేలియాలో, ముఖ్యంగా పల్లెలలో, అన్న వెళ్ళిన చోటికి తమ్ముడు వెళ్ళడం తరచుగా కనిపించేదే. పెద్ద కుటుంబాలకు సైనికుని జీతం కూడా ఒక ఆధారమనే సంగతిని మరువరాదు.

శిక్షణ - తప్పిపోయిన మొదటి గండం

టాస్మేనియాలో ప్రాథమిక శిక్షణ ముగిసిన తరువాత, 1942 ఫిబ్రవరిలో షీయన్‌ను విక్టోరియా రాష్ట్రంలోని ఫ్లిండర్స్ నౌకాదళ కేంద్రానికి పంపారు. మే నెలలో సిడ్నీకి బదిలీ చేశారు. అక్కడ నావికుల బసకోసం కుట్టబుల్ అనే పాత ప్రయాణికుల ఫెర్రీని నౌకాదళం స్వాధీనం చేసుకుని రేవులో నిలిపి ఉంచింది. షీయన్‌కు అందులోనే బస. ఇంతలో ఇంటికి పోయిరావడానికి సెలవు దొరికింది. అతడు సెలవులో ఉండగానే, మే 31 రాత్రి జపాను మరుగుజ్జు జలాంతర్గాములు సిడ్నీ రేవులోకి చొరబడ్డాయి. వాటిలో ఒకటి ప్రయోగించిన టార్పెడో కుట్టబుల్ అడుగున పేలడంతో అందులో నిద్రిస్తున్న 21 మంది నావికులు మరణించారు. పదకొండు రోజుల తరువాత షీయన్ సిడ్నీకి తిరిగివచ్చి, అప్పుడే సేవలో ప్రవేశిస్తున్న ఆర్మిడేల్ అనే కొత్త నౌకలో చేరాడు.

ఆర్మిడేల్ నౌక

ఆర్మిడేల్ బాథర్స్ట్ తరగతికి చెందిన కార్వెట్. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలోని ఒక పట్టణం పేరు దీనికి పెట్టారు. సిడ్నీలోని మోర్ట్స్ డాక్‌లో నిర్మితమై, 1942 జనవరి 23న జలప్రవేశం చేసి, జూన్ 11న నౌకాదళ సేవలో చేరింది. సుమారు 57 మీటర్ల పొడవు, 15 నాట్ల వేగం గల చిన్న నౌక. మందుపాతరలను ఏరివేయడం, సరుకు నౌకలకు తోడుగా వెళ్ళడం వంటి పనులకు ఉద్దేశించినదే తప్ప, ఆకాశంలో విమానాల గుంపును ఎదుర్కొనడానికి నిర్మించినది కాదు. తరువాత జరిగినది అర్థం కావాలంటే ఈ విషయం గుర్తుంచుకోవాలి.

ఈ తరగతి నౌకలు ఆస్ట్రేలియాలో మొత్తం 60 తయారయ్యాయి. వాటిలో నాలుగు అప్పటి రాయల్ ఇండియన్ నేవీకి దక్కాయి. వాటి పేర్లు బెంగాల్, బొంబాయి, మద్రాసు, పంజాబ్. ఆర్మిడేల్ మునగడానికి మూడు వారాల ముందు, 1942 నవంబరు 11న హిందూ మహాసముద్రంలో బెంగాల్ నౌక తనకంటె ఎన్నోరెట్లు పెద్దవైన రెండు జపాను సాయుధ నౌకలను ఎదుర్కొన్నది. ఆన్‌డీనా అనే డచ్చి చమురు నౌకకు తోడుగా వస్తుండగా జరిగిన ఆ పోరులో జపాను నౌకలలో ఒకటి మునిగిపోగా, బెంగాల్ క్షేమంగా బయటపడింది. అక్కాచెల్లెళ్ళ వంటి రెండు నౌకలకు ఒకే నెల రోజులలో ఎదురైన అనుభవాలలో ఎంత తేడా ఉన్నదో గమనించవచ్చు.

షీయన్ పని నౌక వెనుక భాగంలోని ఓర్లికాన్ విమాన విధ్వంసక ఫిరంగికి గుండ్లు అందించడం. ఈ ఫిరంగి 20 మిల్లీమీటర్ల గుండ్లను వేగంగా పేలుస్తుంది. పైన గుండ్రని డబ్బా అమర్చి ఉంటుంది. అందులో పట్టే 60 గుండ్లు వరుసగా పేలిస్తే కొన్ని సెకన్లలోనే అయిపోతాయి. అందుచేత ఫిరంగిని పేల్చేవాడు ఒకడు, బరువైన డబ్బాలను మార్చేవాడు ఇంకొకడు ఉండాలి. పేల్చేవాడు రెండు భుజపు ఆనికలకు ఒరిగి, నడుము చుట్టూ పటకా బిగించుకుని, తన శరీరంతోనే ఫిరంగిని అటూ ఇటూ తిప్పుతాడు. షీయన్ ఈ రెండవ మనిషి. చివరి నిమిషాలలో మొదటివాని స్థానంలోకి తానే వెళ్ళాడు.

తిమోర్ యాత్ర

1942 ఫిబ్రవరి 19న జపాను విమానాలు ఉత్తర ఆస్ట్రేలియాలోని డార్విన్ రేవుపై బాంబులు కురిపించాయి. మరునాడే జపాను సేనలు తిమోర్ ద్వీపంపై దిగాయి. (అదే సంవత్సరం ఏప్రిల్ 6న మన విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు పడినదీ జపాను విమానాలనుండే.) తిమోర్‌లోని ఆస్ట్రేలియా సైనికులలో ఒక దళం లొంగిపోక కొండలలోకి పోయి, స్థానికుల సాయంతో నెలల తరబడి గెరిల్లా పోరాటం సాగించింది. సంవత్సరాంతానికి వారు ఆకలితో, మలేరియాతో నీరసించిపోయారు. వారిని వెనుకకు తీసుకురావడం అవసరమైంది. వీరికి కావలసినవి చేరవేస్తూ వాయేజర్ అనే డెస్ట్రాయర్ సెప్టెంబరులోనే ద్వీపపు దక్షిణ తీరాన బెటానో వద్ద ఇసుకలో కూరుకుపోయి నష్టమైంది.

నవంబరు 29న ఆర్మిడేల్, క్యాసిల్‌మెయిన్ అనే రెండు కార్వెట్లు డార్విన్ నుండి బయలుదేరాయి. కురు అనే చిన్న నౌక వాటికి ముందే బెటానో చేరి, పౌరులతో సహా 77 మందిని ఎక్కించుకున్నది. దారిలోనే జపాను విమానాలు కార్వెట్లను పసిగట్టి దాడి చేయడంతో అవి ఆలస్యంగా బెటానో చేరాయి. అప్పటికి కురు వెళ్ళిపోయింది. డిసెంబరు 1న సముద్రంపై కురు కలిసినప్పుడు, అందులోని వారిని క్యాసిల్‌మెయిన్ ఎక్కించుకుని డార్విన్ దారి పట్టింది. ఆర్మిడేల్‌లో మాత్రం తిమోర్ తీరాన దింపవలసిన డచ్చి ఈస్టిండీస్ (నేటి ఇండోనేషియా) సైనికులు ఉన్నారు. శత్రువు కంటబడ్డామన్న సంగతి తెలిసి కూడా ఆ నౌక తిరిగి బెటానో వైపు పోవలసి వచ్చింది. ఆజ్ఞ డార్విన్ నుండి వచ్చింది. ఆ ఆజ్ఞ సమంజసమేనా అన్న చర్చ ఆ తరువాత చాలాకాలం నడిచింది. రక్షణగా విమానాలు లేకుండా, పట్టపగలు, ఒంటరిగా ఒక చిన్న నౌకను పంపడం సాహసమనడానికి కూడా వీలులేదు. రావలసిన విమానాలకోసం నౌకనుండి విన్నపాలు వెళ్ళినా అవి రాలేదు.

చివరి దాడి

మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో దాడి ఆరంభమైంది. మూడు గంటలకు కొద్ది ముందు తొమ్మిది బాంబర్లు, మూడు యుద్ధ విమానాలు, ఒక సముద్ర విమానం ఒక్కుమ్మడిగా వచ్చిపడ్డాయి. నౌక మెలికలు తిరుగుతూ తప్పించుకోజూసింది. 3 గంటల 15 నిమిషాలకు ఒక టార్పెడో ఎడమ పక్కను తాకింది. మరొకటి ఇంజన్ల గదిని ఛేదించింది. వెనుక భాగంపై ఒక బాంబు పడింది. నౌక ఎడమ పక్కకు ఒరిగిపోసాగింది. నౌకను విడిచిపొమ్మని అధికారి ఆజ్ఞాపించాడు.

నీటిలోకి దూకినవారిపై విమానాలు కిందికి దిగి మరతుపాకులతో కాల్పులు జరిపాయి. షీయన్ తోటివారితో కలిసి ఒక తెప్పను విడిపించడానికి సాయపడ్డాడు. తరువాత అతడు ఆ తెప్పనెక్కక, ఒరిగిపోతున్న డెక్కుపై ఎగబాకి వెనుక ఫిరంగి వద్దకు చేరాడు. అప్పటికే ఛాతీకీ, వీపుకూ గాయాలయ్యాయి. ఫిరంగిని పేల్చి ఒక బాంబరును కూల్చాడు. మిగతా విమానాలు నీటిలోని వారి దరికి రాకుండా చేశాడు. నీళ్ళు కాళ్ళను దాటి పైకి వస్తున్నా ఫిరంగి మోత ఆగలేదని బతికి బయటపడినవారు చెప్పారు. నౌక నీటి కిందికి పోతున్నంతవరకు అతడు కాలుస్తూనే కనిపించాడు.

ఈ సంఘటన వివరాలలో కొన్ని భేదాలు ఉన్నాయి. కూలిన విమానాలు ఒకటికంటె ఎక్కువని కొందరంటారు. మునిగిపోవాలనే నిశ్చయంతోనే అతడు తనను ఫిరంగికి కట్టుకున్నాడని ఒక వాదు ప్రచారంలో ఉన్నది. పైన చెప్పినట్లు ఆ ఫిరంగిని పేల్చేవాడు ఎప్పుడైనా పటకా బిగించుకోవలసిందే గనుక, దానిని బట్టి అతని మనసులోని మాటను నిర్ణయించలేము. ఆయుధం పట్టనవసరం లేని క్షణంలో, తనకు తానై తిరిగి వెళ్ళాడన్న విషయంలో మాత్రం సాక్షుల మధ్య భేదం లేదు.

నౌకలో ఉన్న 149 మందిలో ప్రాణాలతో మిగిలినవారు 49 మంది. చనిపోయిన వందమందిలో అధిక సంఖ్యాకులు డచ్చి ఈస్టిండీస్ సైనికులు. షీయన్‌ను గురించి రాసే వ్యాసాలలో వీరి ప్రస్తావన తరచుగా జారిపోతూ ఉంటుంది. బతికినవారి కష్టాలు కూడా నౌక మునగడంతో తీరలేదు. కొందరు మోటారు పడవలోనూ, ఇంకొందరు దెబ్బతిన్న తెడ్ల పడవలోనూ డార్విన్ దిక్కుగా బయలుదేరారు. రోజుల తరువాత కాల్గూర్లీ అనే మరో కార్వెట్ వారిని రక్షించింది. తెప్పపై మిగిలినవారిని ఒక సముద్ర విమానం కనుగొన్నది గాని, అలల ఉధృతికి నీటిపై వాలలేకపోయింది. ఆ విమానం నుండి తీసిన ఛాయాచిత్రం ఉన్నది. తెప్ప మాత్రం మరి ఎవరికీ కనబడలేదు. తిమోర్ కొండలలోని దళాన్ని అదే డిసెంబరులో డచ్చి డెస్ట్రాయర్ చెర్క్ హిడ్డెస్ వెనుకకు చేర్చింది.

పతకం ఎందుకు రాలేదు?

షీయన్‌కు 1943లో దక్కిన గుర్తింపు "మెన్షన్ ఇన్ డిస్పాచెస్". అనగా పై అధికారుల యుద్ధ నివేదికలో పేరును ప్రస్తావించడం. ఇది గౌరవమే గాని, శౌర్యానికి ఇచ్చే గుర్తింపులలో అన్నింటికంటె చిన్నది. ఇక్కడ ఆనాటి బ్రిటిషు పురస్కార నియమం ఒకటి తెలుసుకోవాలి. పోరులో చనిపోయినవారికి ఇవ్వడానికి అప్పట్లో రెండే ఉండేవి. ఒకటి అన్నింటికంటె పెద్దదైన విక్టోరియా క్రాస్, రెండవది అన్నింటికంటె చిన్నదైన ఈ ప్రస్తావన. నడుమ ఉన్న పతకాలన్నీ బతికి ఉన్నవారికే. కనుక షీయన్ విషయంలో శిఖరమో, పాదమో తప్ప వేరే మార్గం లేకపోయింది. పైగా ఆస్ట్రేలియా నౌకాదళపు సిఫారసులు లండన్‌లోని బ్రిటిషు నౌకాదళ కార్యాలయానికి పోవలసి ఉండేది. షీయన్ పేరును విక్టోరియా క్రాస్‌కు అప్పట్లో ఎవరైనా సిఫారసు చేసినట్లు దాఖలాలు దొరకలేదు. నౌక పోయి, వందమంది చనిపోయి, మిగిలినవారు ఆసుపత్రుల పాలైన వేళ, ఒక అట్టడుగు నావికుని కోసం కాగితాలు కదిపే తీరిక ఎవరికి ఉంటుంది?

1991లో ఆస్ట్రేలియా తన సొంత పురస్కార వ్యవస్థలో భాగంగా "విక్టోరియా క్రాస్ ఫర్ ఆస్ట్రేలియా"ను నెలకొల్పింది. మన పరమవీర చక్ర వంటిది ఇది. దానితో షీయన్ విషయం తిరగదోడడానికి దారి ఏర్పడింది. బతికి బయటపడిన నావికులు, టాస్మేనియా ప్రజాప్రతినిధులు, అన్నింటికంటె మిన్నగా కుటుంబంవారు ఏళ్ళ తరబడి ప్రయత్నించారు. వీరిలో షీయన్ మేనల్లుడు గ్యారీ ఐవరీ పేరు ముఖ్యంగా చెప్పుకోవలసినది.

ప్రభుత్వం నియమించిన ఒక విచారణ సంఘం 13 మంది పేర్లను పరిశీలించి 2013లో నివేదిక ఇచ్చింది. గల్లిపోలిలో గాడిదపై క్షతగాత్రులను మోసిన సింప్సన్ పేరు కూడా వాటిలో ఉన్నది. ఎవరికీ విక్టోరియా క్రాస్ ఇవ్వనవసరం లేదని సంఘం తేల్చింది. టాస్మేనియా మంత్రి గై బార్నెట్ కోరికపై షీయన్ విషయాన్ని పురస్కారాల అప్పీళ్ళ ట్రిబ్యునల్ మళ్ళీ విచారించి, 2019లో ఏకగ్రీవంగా పతకానికి సిఫారసు చేసింది. అయినా 2020 మే నెలలో ప్రభుత్వం ఈ సిఫారసును తోసిపుచ్చింది. కొత్త ఆధారాలు లేవన్నది దాని వాదన. పాత యుద్ధాల తీర్పులను ఒకసారి తిరగరాయడం మొదలుపెడితే అంతు ఉండదన్న భయం ఇటువంటి విషయాలలో ప్రభుత్వాలకు ఎప్పుడూ ఉంటుంది. ఆ భయం పూర్తిగా నిరాధారమైనదని చెప్పలేము. కాని తానే ఏర్పరచిన ట్రిబ్యునల్ మాటను తానే కాదనడం ప్రజలకు రుచించలేదు. నిరసన పెరగడంతో ప్రధానమంత్రి స్కాట్ మోరిసన్, మాజీ రక్షణమంత్రి బ్రెండన్ నెల్సన్ అధ్యక్షతన నిపుణుల బృందాన్ని నియమించాడు. ఆ బృందం కూడా పతకానికే మొగ్గు చూపింది. 2020 ఆగస్టు 12న ఎలిజబెత్ రాణి ఆమోదం లభించింది.

2020 డిసెంబరు 1న, ఆర్మిడేల్ మునిగి సరిగా 78 సంవత్సరాలు నిండిన రోజున, కాన్‌బెరాలోని ప్రభుత్వ భవనంలో గవర్నర్ జనరల్ డేవిడ్ హర్లీ పతకాన్ని షీయన్ కుటుంబానికి అందజేశాడు. ఆస్ట్రేలియనులకు లభించిన విక్టోరియా క్రాస్‌లలో ఇది 101వది.

స్మారకాలు

పతకం రాకముందే నౌకాదళం షీయన్‌ను వేరొక విధంగా గౌరవించింది. కాలిన్స్ తరగతికి చెందిన ఆరు జలాంతర్గాములలో ఒకదానికి షీయన్ పేరు పెట్టారు. మిగతా ఐదింటి పేర్లూ అధికారులవే. సామాన్య నావికుని పేరు పెట్టిన ఆస్ట్రేలియా నౌకాదళ నౌక అదివరలో ఒక్కటీ లేదు. 1999 మే 1న దీనికి జలప్రవేశం చేయించినది షీయన్ సోదరి ఐవీ హేస్. తమ్ముడు సముద్రంలో కలిసిపోయిన 56 సంవత్సరాలకు ఆమెకు ఈ అవకాశం కలిగింది. "పోరాడుతూనే ఉండు" అనే అర్థం వచ్చే మాటలు ఆ జలాంతర్గామి ఆదర్శవాక్యం.

ఫిరంగి పట్టుకుని ఉన్న షీయన్‌ను డేల్ మార్ష్ అనే చిత్రకారుడు 1978లో చిత్రించాడు. ఆ తైలవర్ణ చిత్రం కాన్‌బెరాలోని ఆస్ట్రేలియా యుద్ధ స్మారక మందిరంలో ఉన్నది. అతడు పెరిగిన లాట్రోబ్ పట్టణంలో అతని పేరిట ఒక స్మారక నడకదారి ఉన్నది. ఆనాడు ఆర్మిడేల్‌కు తోడుగా వెళ్ళి, పౌరులతో క్షేమంగా తిరిగివచ్చిన క్యాసిల్‌మెయిన్ నౌకను మెల్బోర్న్ సమీపంలోని విలియమ్స్‌టౌన్‌లో ప్రదర్శనశాలగా మార్చి భద్రపరిచారు. ఆర్మిడేల్ ఎటువంటి నౌకో, దానిలో ఎంత ఇరుకున మనుషులు మసలేవారో చూడగోరేవారు దానిలోకి వెళ్ళి చూడవచ్చును.